అడిగితే చూపించాల్సిన బొమ్మ

అక్టోబర్ 15, మంగళవారం

పొగమంచు పదకొండు దాకా వదల్లేదు. సముద్రం ఎటుందో చప్పుడును బట్టి పోల్చుకోవాల్సిందే. పెద్దింటి వంటగదిలో వెండి చెంచాలు తుడుస్తుంటే ఫోను మోగింది. అది మోగి ఎన్నాళ్లయిందంటే, ముందు అదేం చప్పుడో నాకు అర్థం కాలేదు.

"క్షమించాలమ్మా, మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నానేమో," అంది అవతలి గొంతు. పెద్దావిడ. మా ఊరి యాసే. పేరు అవిస్ బుల్లెన్, చర్చి వెనక సందులో ఉంటుందిట. భర్త పోయాక పట్నం నుంచి పుట్టినూరికి వచ్చేసిందిట. బొమ్మ చూడొచ్చా అని అడిగింది.

ఏ బొమ్మండీ అన్నాను, తెలిసే.

"బట్టలారేసే ఆడవాళ్ల బొమ్మ. మా తమ్ముడి కూతురు కంప్యూటర్‌లో చూసి చెప్పింది. పన్ను వదిలేసిన బొమ్మల జాబితా ఒకటుందిట కదా, అందులో ఉన్నదాన్ని ఎవరు అడిగినా చూపించాలిట. నిజమేనా అమ్మా? లేకపోతే పెట్టేస్తాను."

నిజమే. పెద్దాయన సర్ లయనెల్ పోయినప్పుడు, ఆస్తి కొడుక్కి వచ్చేటప్పుడు కట్టాల్సిన పన్నులో ఈ బొమ్మ మీద పడేది వదిలేశారు. ఊరికే కాదు. బొమ్మ దేశం దాటకూడదు, పాడవకూడదు, చూస్తామని అడిగినవాళ్లకి చూపించాలి. ఆ చూపించే పని నాది. పద్నాలుగేళ్లుగా నాదే. ఈ పద్నాలుగేళ్లలో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

అయ్యగారిని అడిగి చెబుతానన్నాను. "తొందరేం లేదమ్మా, మీకు వీలున్నప్పుడే," అంది.

తొందరేం లేదంది. గుర్తుండాలని రాసుకుంటున్నాను.

అక్టోబర్ 16

మూడింటికి టీ కప్పు పట్టుకుని బొమ్మ గదిలోకి వెళ్లాను. రోజూ వెళ్లేదే. ఎండ తగిలితే రంగులు చెడిపోతాయని ఆ గది కిటికీ చెక్కలు ఎప్పుడూ మూసే ఉంటాయి. నేను ఒక్క చెక్క తెరుస్తాను, అరచెయ్యంత. వెలుగు నేల మీదుగా పాకి గోడెక్కి ముందు దుప్పట్ల మీద పడుతుంది. సముద్రపు కట్ట పొడుగునా దండెం, దాని మీద తెల్లటి దుప్పట్లు గాలికి ఉబ్బి, ముగ్గురు ఆడవాళ్లు. బొమ్మ పేరు 'సోమవారం'. ఆ రోజుల్లో ఇంటింటా ఉతుకులు సోమవారమే.

ఎడమ వైపున్న పిల్లకి నేనో పేరు పెట్టుకున్నాను. రోసమండ్. చేతులు పైకెత్తి దుప్పటి వేస్తూ సముద్రం వైపు చూస్తుంటుంది. మోచేతి కింద ఎర్రటి రిబ్బను కట్టుకుంది. ఓడ మీద వెళ్లిన ఎవరో ఇచ్చి వెళ్లి ఉంటాడు. ఇదంతా నేనెవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు, అరవై మూడేళ్లదానికి ఇదేం పిచ్చి అని.

అవిస్ బుల్లెన్‌కి ఈ బొమ్మతో ఏం పనో.

అక్టోబర్ 18, శుక్రవారం

ఇవో గారు లండన్ నుంచి ఫోన్ చేశారు. నా చేతుల్లో పెరిగిన పిల్లవాడు. మోకాళ్ల మీద ఇసక కడిగి, జలుబు చేస్తే ఆవిరి పట్టి పెంచాను. ఇప్పుడు నలభై ఆరేళ్లు, అయినా నన్ను థెల్ అనే పిలుస్తాడు. సర్ లయనెల్ పోయాక ఇల్లూ బొమ్మా అన్నీ అతనివే. ఎవరో చూస్తామంటున్నారని చెప్పాను.

"ఒకావిడ వస్తే ఊరంతా వస్తుంది, థెల్. తర్వాత బస్సు వేసుకుని పక్క ఊళ్ల వాళ్లు. బూట్ల బురద ఎవరు కడుగుతారు, నువ్వా?"

"మరి చూపించాలి కదా, బాబూ. కాగితంలో అలాగే ఉంది."

"చూపించనని ఎవరన్నారు? వాయిదా వెయ్యి. మర్యాదగా. మూడుసార్లు వేస్తే చాలు, నాలుగోసారి ఎవరూ అడగరు. మన దేశంలో అడగడమే సగం తప్పు, తెలియదా నీకు?"

నేను నవ్వాను. నిజమే మరి. చేపల కొట్టులో చేప పచ్చిగా ఉన్నా బాగుందనే చెప్పి వచ్చే మనుషులం.

"అయినా విను," అన్నాడు. "దేశం మొత్తం మీద వచ్చే ఆదాయపు పన్నులో మూడో వంతు దాకా నూటికి ఒక్కరు కడతారు. నాలాంటి వాళ్లు. ఇంకా న్యాయం కావాలంటే ఎక్కణ్ణించి తేను? ఆ బొమ్మ మీద పన్నే నాలుగు లక్షల పౌన్లు. కట్టాలంటే బొమ్మనే అమ్మాలి. అమ్మితే ఏ దేశంలోనో బ్యాంకు నేలమాళిగలో పెడతారు. ఇక్కడైతే ఇంట్లో ఉంది. నువ్వు రోజూ టీ తాగుతూ చూసుకుంటున్నావు."

నా టీ సంగతి అతనికెలా తెలుసో.

అతను చెప్పినదాంట్లో తప్పేం కనిపించలేదు. గేటు దగ్గరి ఇంట్లో నేను అద్దె లేకుండా ఉంటున్నాను. అది గుర్తు చెయ్యలేదు కూడా. అంత మంచివాడు.

అక్టోబర్ 21

ఆవిడకి ఫోన్ చేశాను. బొమ్మ శుభ్రం చేయిస్తున్నారండీ, జనవరిలో చూద్దాం అన్నాను.

"అయ్యో, ఫరవాలేదు మిస్ గాట్స్. అనవసరంగా మిమ్మల్ని కదిలించాను."

అబద్ధమేం కాదు. సాయంత్రం ఈకల కుచ్చుతో చట్రం మీది దుమ్మంతా దులిపాను. శుభ్రమంటే శుభ్రమే.

అక్టోబర్ 27, ఆదివారం

గడియారాలు గంట వెనక్కి. మూడింటి వెలుగు ఇప్పుడు రెండింటికే వచ్చేస్తోంది. రోసమండ్ దగ్గరికి గంట ముందు వెళ్లాను. ఆమెకి తెలియదుగా.

నవంబర్ 8, శుక్రవారం

ఇవాళ జరిగింది రాయకుండా వదిలేద్దామనుకున్నాను.

శుక్రవారాలు చర్చి ముందుకి డెరెక్ చేపల బండి వస్తుంది. మంచులో దాని పసుపు దీపం ఒక్కటే కనిపిస్తుంది, దాన్ని పట్టుకునే వెళ్లాలి. లైన్లో నా ముందు పొట్టి పెద్దావిడ, నీలం ఉన్ని టోపీ. బండి మీద ధరల పలక ఉంటే దాన్ని చూడకుండా పక్కన గోడకేసి తల తిప్పి నిలబడింది.

"ఏం కావాలి అవిస్?" అన్నాడు డెరెక్. "పలక చదవమంటావా?"

"చదవక్కర్లేదులే, చేప మారిందా ఏంటి? ధరే మారుతుంది."

ఆవిడే. ఫోన్లో నా గొంతు విన్నది కదా. మాట్లాడితే పోల్చుకుంటుంది.

వెనక ఎవరో లైబ్రరీ వాళ్ల పుస్తకాల బండి ఈ నెల నుంచి రాదని చెప్పారు. పోయినేడాది బస్సు పోయింది, ఇప్పుడిది.

"డబ్బు లేదంటారు," అన్నాడు డెరెక్ చేపని నూనెలో వదులుతూ. "పెద్దోళ్లు కట్టాల్సింది కడితేగా డబ్బుండటానికి. నేను మూణ్ణెల్లకోసారి లెక్క చూపించకపోతే నా పీక మీద కూర్చుంటారు."

"కడతారయ్యా," అన్నాడు వెనకాయన. "నీకంటే నాకంటే ఎక్కువే కడతారు. వాళ్లూ పోతే ఇంకేం మిగలదు."

"ఎక్కువా తక్కువా కాదు, వాళ్లకున్నదాంట్లో ఎంత అన్నది అడుగు. ఏమంటావు అవిస్?"

"నాకు తెలియదు నాయనా. పెద్దింట్లో బొమ్మ ఒకటుంది, దానికి పన్ను వదిలేశారు. వదిలేస్తే వదిలేశారు, నాకేం కడుపుమంట లేదు. దానికి బదులు మనం చూడొచ్చన్నారు. ఆ చూసేదేదో చూపిస్తే చాలు." కాగితం పొట్లం అందుకుని చేతులు వెచ్చబెట్టుకుంది. "మా అమ్మమ్మ ఉంది అందులో. ఆ ఇంటి ఉతుకుల గదిలో పనిచేసేది, పదిహేడేళ్లప్పుడు. ఎవరో బొమ్మలేసే ఆయన వేసవికి వచ్చి వేశాట్ట. ఆమె ఫోటో ఒక్కటీ లేదు మా దగ్గర. మా అమ్మ పసిపిల్లగా ఉన్నప్పుడే ఆవిడ పోయింది. నేను మొహం ఎరగను."

"మరి వెళ్లి చూడరాదూ?"

"శుభ్రం చేయిస్తున్నారు. జనవరి అన్నారు." పొట్లం మూల విప్పింది. "నా కళ్లకే కాస్త తొందరగా ఉంది. మధ్యలో చెరిపేసినట్టు పోతోంది, అంచులు మిగులుతున్నాయి. దీనికి మందు లేదన్నాడు డాక్టరు. వసంతం దాకా మొహాలు కనిపించొచ్చు అన్నాడు. చూడాలి."

తర్వాత నా వంతు. చేప వైపు వేలు చూపించాను.

"ఏం థెల్మా," అన్నాడు డెరెక్, "మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా?"

గొంతు నొప్పి అన్నట్టు సైగ చేశాను. అవిస్ బుల్లెన్ నా వైపు తిరిగి, నా చెవి పక్కన ఎక్కడో చూస్తూ, "తేనె వేసుకుని వేడినీళ్లు తాగమ్మా, తగ్గుతుంది," అంది.

నవంబర్ 9

వసంతానికి ఇంకా చాలా రోజులుంది.

నవంబర్ 10

ఆమె అమ్మమ్మ అంటే ఆ వెనక ఉన్న లావుపాటావిడ అయి ఉంటుంది. గంప మోస్తున్నావిడ. రోసమండ్ అయ్యే అవకాశం లేదు.

డిసెంబర్ 14, శనివారం

ఇవో గారూ స్నేహితులూ వేటకి దిగారు. పన్నెండు మంది. భోజనాలు బొమ్మ గదిలోనే పెట్టమన్నారు, అది వెచ్చగా ఉంటుందని. కిటికీ చెక్కలన్నీ తీయించారు. ఎండా లేదు గిండా లేదు, ఫరవాలేదన్నారు.

పక్షి మాంసం వడ్డిస్తూ చూశాను. ఒక్కరూ తలెత్తి బొమ్మ వైపు చూడలేదు. ఒకాయన తడి కోటు తెచ్చి చట్రం మూలకే తగిలించబోతే నేను లాక్కున్నాను. "అది జాగ్రత్త," అన్నాడు ఇవో, "అది నేను దేశం తరఫున చూసుకుంటున్న బొమ్మ." అందరూ నవ్వారు. నవ్వడానికి అందులో ఏముందో నాకు అర్థం కాలేదు.

పన్నెండు మంది ఆ గదిలో మూడు గంటలు కూర్చున్నారు. వీళ్లని చూసినవాళ్ల కింద వేసుకోవచ్చా? లాయర్లని అడగాలి. అడగనులే.

డిసెంబర్ 20

క్రిస్మస్ కార్డు వచ్చింది, పెద్దింటి పేరుతో, నాకు. మీద పిచ్చుక బొమ్మ. లోపల లావుపాటి పెన్నుతో, ఒక్కో అక్షరం వేలెడంత: 'మిస్ గాట్స్‌కి శుభాకాంక్షలు. జనవరి మాట గుర్తు చేయడం లేదు. మీకు ఇబ్బంది లేకపోతేనే. అ. బుల్లెన్.' ఆఖరి రెండు మాటలు కార్డు అంచు దాటిపోయి కవరు మీద పడ్డాయి.

దాన్ని పొయ్యి మీది గూట్లో పెట్టాను. మిగతా కార్డుల వెనక.

జనవరి 14, మంగళవారం

రెండోసారి. బీమా వాళ్ల కాగితం రావాలండీ అన్నాను. మీ గుర్తింపు కాగితాలు రెండు కావాలి, పైగా గది చల్లగా ఉంది, మీకు జబ్బు చేస్తే మాకు మాటొస్తుంది.

"అవును, పాపం మీకెన్ని చిక్కులో," అంది.

తను విసుక్కుంటే బాగుండు. ఒక్క మాట గట్టిగా అంటే నాకూ గట్టిగా అనడానికి వీలుండేది.

ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదని మొదట రాశాను. ఒకరు అడిగారు. తొమ్మిదేళ్ల కిందట ఒక కాలేజీ అమ్మాయి. ఇప్పుడే గుర్తొచ్చింది.

జనవరి 30

మంచు. రెండింటికి వెళ్లాను. రోసమండ్ కూడా వెలిసిపోయినట్టుంది ఇవాళ. నా కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. అంతా సరిగానే ఉంది.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఆవిడ నడిచి వచ్చింది. ఊరి నుంచి రెండు మైళ్లు, కట్ట మీదుగా, ఈ మంచులో.

కిటికీలోంచి చూస్తున్నాను. ముందు నీలం టోపీ, తర్వాత చేతికర్ర, ఆ తర్వాత మనిషి. గేటు ఎక్కడుందో తెలియక కంచె పలకలు ఒక్కోటీ తాకుతూ వచ్చింది. నేను తలుపు తీశాను. తీయకుండా ఉందామని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం.

"మిస్ గాట్సేనా? మీ పొద్దు పాడుచేస్తున్నాను. గుర్తింపు కాగితాలు రెండు తెచ్చాను, ఇచ్చిపోదామని." సంచీలోంచి తీసింది. పింఛను కాగితం ఒకటి. ఇంకోటి పాతది, అరలుగా మడిచిన జీతం చీటీ. బడి వంటగదిది. "దీని మీద నా పేరు బాగా కనిపిస్తుందని."

లోపలికి రమ్మని అనాల్సింది. కెటిల్ పొయ్యి మీదే ఉంది. ఏప్రిల్‌లో చూద్దాం అన్నాను. మూడోసారి.

"ఏప్రిల్," అంది. "సరేనమ్మా. అప్పటికి..." ఆ మాట అక్కడే వదిలేసి టోపీ సర్దుకుంది. "చలిలో నిలబడకండి, లోపలికి వెళ్లండి."

తిరిగి వెళ్తూ దారి తప్పి గడ్డిలోకి దిగింది. నేను అరవాలి అనుకునే లోపే తనే కర్రతో తడుముకుని కట్టెక్కింది. ఆ జీతం చీటీ నా బల్ల మీదే ఉండిపోయింది. 1983, మార్చి. కోసుకున్న పన్ను: పద్దెనిమిది పౌన్ల నలభై పెన్నీలు.

ఫిబ్రవరి 19

ఫోను మోగలేదు.

ఫిబ్రవరి 27

మోగలేదు. ఇవో గారు చెప్పింది అక్షరాలా నిజం. నాలుగోసారి ఎవరూ అడగరు.

మార్చి 6

కల. కట్ట మీద దుప్పట్లు, బొమ్మలో లాగే. ఒక్కో దుప్పటీ తొలగించుకుంటూ వెళ్తున్నాను. వెనక మరో దుప్పటి, దాని వెనక మరోటి. అవతల ఎవరో మర్యాదగా దగ్గుతున్నారు. లేచేసరికి దిండు తడిగా ఉంది.

నలుగురు అడిగారు. కాలేజీ అమ్మాయి. కెమెరా ఆయన. కొత్తగా పెళ్లయిన జంటని ఇద్దరి కింద లెక్కపెట్టాలి. ప్రతిసారీ నేనే వాయిదా వేశాను, ఇవో గారిని అడగకుండానే. అతను చెప్పాడని చేశానని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. అతను చెప్పింది ఈ ఒక్కసారే.

ఆ గదిలో నేను కాక ఇంకొకరు నిలబడితే నాకిష్టం లేదు. అంతే. రాసేశాను.

మార్చి 20, గురువారం

లాయర్ల దగ్గర్నుంచి ఏటా వచ్చే కాగితం వచ్చింది. పన్నుల ఏడాది ఏప్రిల్ ఐదున ముగుస్తుంది కాబట్టి ఆలోపు పంపాలి. బొమ్మ ఎలా ఉంది, ఎక్కడ ఉంది. చూస్తామని అడిగినవారు ఎందరు, చూసినవారు ఎందరు, చూపకపోతే కారణం. ఏటా సున్నా, సున్నా, గీత. నా అంకెలు గుండ్రంగా ఉంటాయని వాళ్ల గుమాస్తా ఒకసారి మెచ్చుకుంటూ రాశాడు కూడా.

పెన్ను మూత తీసి, పెట్టేసి, కోటు వేసుకుని ఊళ్లోకి నడిచాను.

అవిస్ ఇల్లు ఒక్క గదీ వంటగదీ. తలుపు తీసి, "మిస్ గాట్సా? మీ బూట్ల చప్పుడు గుర్తుంది," అంది. టీ పోసింది. కప్పులో వేలు పెట్టుకుని, వేలికి వేడి తగలగానే ఆపింది. నేను చూస్తున్నానని పసిగట్టి నవ్వింది. "ఇది నా వేలు ముంచిన కప్పు, ఇది నేనే తాగుతాలే."

"సోమవారం రండి," అన్నాను. "పదకొండింటికి. నేనే వచ్చి తీసుకెళ్తాను."

ఎగిరి గంతేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. కప్పు రెండు చేతుల్తో పట్టుకుంది.

"బొమ్మ శుభ్రం చేయించలేదు కదూ?"

"లేదు."

"బీమా కాగితం?"

"అలాంటిదేం లేదండీ."

"నాకు తెలుసు తల్లీ." మీరు పోయి నువ్వు వచ్చింది, కానీ కోపంతో కాదు. "నలభై ఒక్క ఏళ్లు బళ్లో పిల్లలకి అన్నాలు వండాను. జీతం నా చేతికి వచ్చేలోపే అందులోంచి పన్ను తీసేసుకునేవాళ్లు. ఒక్కనాడూ నన్నెవరూ అడగలేదు, మిసెస్ బుల్లెన్, మీకు ఎప్పుడు వీలవుతుంది, జనవరిలో కట్టగలరా, పోనీ ఏప్రిల్‌లో కడతారా అని. నేనూ అడగలేదు, నా పిల్లలు చదివిన బడి దాంతోనే నడిచింది. ఇస్తే ఇచ్చానని అనుకున్నాను. వీళ్లు ఇచ్చేది ఒక్క చూపు. డబ్బు కూడా కాదు."

"మీరు తొందరేం లేదన్నారు కదండీ," అన్నాను. ఎంత చేతకాని మాటో అంటుండగానే తెలిసింది.

"అలాగే కదమ్మా అంటాం. నువ్వైతే ఏమనేదానివి?"

నేనూ అదే అనేదాన్ని.

మార్చి 24, సోమవారం

డెరెక్ బండిలో తీసుకొచ్చాడు, మా ఇద్దరికీ వేయించిన చేప వాసన అంటింది. ఆమెని తీసుకురావడానికి వెళ్లకముందే నేను నాలుగు కిటికీల చెక్కలూ పూర్తిగా తీసేశాను. పద్నాలుగేళ్లలో నా అంతట నేను అన్నీ తీయడం ఇదే. మంచు లేదు. గదిలో అంత వెలుగుంటే నాకే కొత్త చోటులా అనిపించింది.

ఆమెను బొమ్మ ముందు నిలబెట్టాను. టోపీ తీసి చేతిలో పట్టుకుంది, చర్చిలో మగవాళ్లు తీసినట్టు. నేరుగా చూసింది.

"ఏం లేదు," అంది.

"నేను ఎక్కడ చూస్తే అక్కడే చెరిగిపోతోంది. నవంబర్లో ఇంత లేదు. క్రిస్మస్ దాకా కూడా మా తమ్ముడి కూతురి మొహం కనిపించింది, ముక్కు మీద పుట్టుమచ్చతో సహా." తల పక్కకి తిప్పి కిటికీ తెర కేసి చూసింది. "ఆఁ. ఇప్పుడు తెల్లగా ఏదో కదులుతోంది, ఆ కొసన. దుప్పట్లేనా?"

"దుప్పట్లే."

"ఎవరో చేతులు పైకెత్తారు."

"ఎడమ వైపు పిల్ల."

"చూడబోతే పోతోంది. చూడకపోతే వస్తోంది." తెర మీంచి తల తిప్పలేదు. "థెల్మా, నువ్వు చూసి పెట్టు. ఎడమ చెయ్యి, మోచేతి కింద. ఏమైనా ఉందా?"

"రిబ్బను," అన్నాను వెంటనే. "ఎర్ర రిబ్బను కట్టుకుంది."

"సరిగ్గా చూడు."

నాకు చూడక్కర్లేదు, పద్నాలుగేళ్లుగా చూస్తున్నాను. అయినా దగ్గరికి వెళ్లాను. ఇంత వెలుగులో ఎప్పుడూ చూడలేదు. రిబ్బనుకి ముడి లేదు. కొసలు లేవు. మోచేతి నుంచి మణికట్టు దాకా పారింది, అంచుల్లో చర్మం ముడతలు పడి, మధ్యలో నున్నగా మెరుస్తూ. వేసినాయన అంతా వేశాడు.

"కాలిన మచ్చ," అన్నాను.

"కాగులో నీళ్లు మరుగుతుంటే మీద పడ్డాయిట. పదిహేనేళ్లప్పుడు. ఆ చేత్తో మా అమ్మని ఎత్తుకుంటే గరుగ్గా తగిలేదిట, మా అమ్మకి అదొక్కటే గుర్తు. కెజియా ఆవిడ పేరు." నా భుజం పట్టుకుంది, కూర్చోవడానికి. "ఎటు చూస్తోంది?"

సముద్రం వైపు, ఓడ కోసం అని నోటి దాకా వచ్చింది. మళ్లీ చూశాను. సముద్రం వైపు కాదు. ఆమె ముఖం దుప్పటి మూలకేసి ఉంది, దండేనికి సరిగ్గా పట్టిందో లేదో అని. అలిసిపోయి ఉంది. పెదవి కొరుకుతోంది.

అదంతా చెప్పాను. ముక్కు ఎలా ఉంది, జుట్టు ఏ రంగు, చెవి ఎంత. ఆమె అడుగుతూ ఉంది, నేను చెబుతూ ఉన్నాను. ఒంటిగంట దాకా. మధ్యలో తన ముక్కు తడుముకుని, "ఇలాగేనా?" అంది. అలాగే ఉంది. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు, నా వీపు నిమిరింది. అది ఇంకా కష్టంగా ఉంది.

రోసమండ్ అనే మనిషి లేదు. ఎప్పుడూ లేదు. రాసుకుంటే కాని నాకు నమ్మకం కుదరదు.

ఏప్రిల్ 2

ఇవో గారు ఫోన్ చేశారు. "ఏటా పంపే కాగితం వెళ్లిందా థెల్? లాయర్లు అడుగుతున్నారు."

"రాస్తున్నాను బాబూ. అడిగినవాళ్లు ఐదుగురు."

"ఐదుగురేంటి?"

"పద్నాలుగేళ్లకి కలిపి. పాతవి కూడా ఇందులోనే సరిచేసి రాస్తున్నాను. లాయర్లకి కాదు, కాగితం కింద పన్నుల వాళ్ల చిరునామా ఉంది, నేరుగా అక్కడికే."

లండన్ రోడ్డు చప్పుడు వినిపించింది.

"అలా రాస్తే ఆ వదిలేసిన పన్ను నా నెత్తిన పడుతుంది. తెలుసా?"

"తెలుసు."

"గేటు దగ్గరి ఇల్లు వేసవిలో అద్దెకిద్దామనుకుంటున్నానని చెప్పానా?"

"చెప్పలేదు."

"చెబుతున్నాను." పెట్టేశాడు. కాసేపటికి మళ్లీ చేసి, "నీ ఆరోగ్యం జాగ్రత్త, థెల్," అన్నాడు. ఆ రెండు మాటలూ మనస్ఫూర్తిగానే అన్నాడు. నేను పెంచిన పిల్లవాడు కదా, నాకు తెలుస్తుంది.

ఏప్రిల్ 5, శనివారం

కాగితం ముందు పొద్దున్నుంచి కూర్చున్నాను. అడిగినవారు: 5. తేలిగ్గానే రాశాను. చూపకపోతే కారణం అన్నచోట నాలుగు కాగితాలు చింపాక ఇలా కుదిరింది: 'నలుగురి విషయంలో, నాకు ఇష్టం లేక. ఐదో ఆవిడ విషయంలో, ఆమె మర్యాదస్తురాలని, మళ్లీ అడగదని తెలిసి.'

చూసినవారు ఎందరు అన్న దగ్గర ఆగిపోయాను. ఒకటి అని రాస్తే అబద్ధం. సున్నా అని రాస్తే, ఆ రెండు గంటలూ ఆమె ముక్కు తడుముకుంటూ కూర్చున్నది ఏమవుతుంది. పోస్టు డబ్బా మధ్యాహ్నం పన్నెండుకే ఖాళీ చేస్తారు. కాగితం పట్టుకుని అవిస్ ఇంటికి వెళ్లాను, తననే అడుగుదామని.

ఆమె పెరట్లో దిండు గలీబులు ఆరేస్తోంది. క్లిప్పు నోట్లో పెట్టుకుని, దండేన్ని చేత్తో తడుముకుంటూ. గడి చదివి వినిపించాను.

"సగం అని రాయి," అంది క్లిప్పు తీసి.

"సగం మనిషి అని రాస్తే ఒప్పుకుంటారో లేదో."

"మనిషి నిండుగానే వచ్చింది తల్లీ. చూపే సగం. అక్టోబర్లో పిలిచుంటే ఒకటి అని రాసుకునేదానివి."

కోపంగా అనలేదు. గలీబు మూల దండేనికి పట్టిందో లేదో వేలితో చూసుకుంటూ అంది.

ఆ గడిలో ఒక్క అంకెకే చోటుంది. పెన్ను గట్టిగా పట్టుకుని, పైన ఒకటి, మధ్య గీత, కింద రెండు. పట్టింది. పన్నెండుకి ఐదు నిమిషాలుండగా డబ్బాలో వేశాను.